గోపాలకృష్ణ గారి నీళ్ళ బొమ్మ

గోపాలకృష్ణ గారితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. లోకంలో ఏదైనా సరే, ఆయనకి సహజంగా ఉండాలి. పెళ్ళిలో ఫొటోగ్రాఫరు "నవ్వండి" అంటే, ఈయన వెనకనించి "రాకపోతే మానెయ్యండి" అనేవారు. పెంటపాడులో సొంత మేనకోడలి పెళ్ళిలో తలంబ్రాలు ఆపించి, "వీడియో అతను చెప్పినట్టు పోసుకుంటున్నారు, మీకు తోచినట్టు పోసుకోండమ్మా" అని చెప్పబోతే, పెళ్ళికూతురి తండ్రి ఆయన రెక్క పుచ్చుకుని భోజనాల వైపు నడిపించుకుపోయాడు. అక్కడైనా ఊరుకున్నారా అంటే, లేదు. వడ్డించే కుర్రాడు "ఇంకాస్త వేయించుకోండి, ఇంకాస్త" అంటుంటే చెయ్యి అడ్డం పెట్టి, "మనస్ఫూర్తిగానే అంటున్నారా?" అని అడిగారు.

"లేదండీ. అలా అనమని మా మేస్త్రీ చెప్పాడండీ."

"అదీ మాట! ఇప్పుడు వెయ్యండి" అని చెయ్యి తీసేశారు.

ఈ సంగతులన్నీ ఇందుజకి ఆయన భార్య మంగతాయారు గారు చెప్పినవే. ఇందుజ ఏలూరులో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై టెక్నీషియను. వారంలో ఆరు రోజులు జనం తలలూ నడుములూ మోకాళ్ళూ ఫొటోలు తీసి, ఏడో రోజు కాళ్ళు చాపుకుందామని ఆశపడే మనిషి. పెదపాడు నించి పొద్దున్నే స్కూటీ మీద రావడం, చీకటి పడ్డాక పోవడం. భర్త కొల్లేటి చేపల లారీ తోలుకుంటూ బెంగాల్ దాకా వెళ్తాడు. ఇంట్లో మోకాళ్ళ నొప్పుల అత్తగారు, ఒకళ్ళనొకళ్ళు గిల్లుకునే ఇద్దరు ఆడపిల్లలు. అలాంటి ఇందుజకి మిగిలిన ఆ ఒక్క ఆదివారాన్నీ గోపాలకృష్ణ గారు పట్టుకుపోయారు.

ఆయన మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. ఆదివారాలు సెంటర్లో మిషను ఖాళీగా ఉంటుంది కాబట్టి, ఓనర్లతో మాట్లాడుకుని దాన్ని వాడుకునేవారు. మిషనుతోపాటు ఇందుజని కూడా ఇచ్చేశారు సెంటరు వాళ్ళు.

మొదటి ఆదివారమే ఆయన ఆమెని కూర్చోబెట్టి విషయం చెప్పారు.

"ఇన్నాళ్ళూ మావాళ్ళు ఏం చేశారో తెలుసాండీ? మనిషిని ఆ గొట్టంలో పడుకోబెట్టి, నల్లగళ్ళూ తెల్లగళ్ళూ ఉన్న బొమ్మ చూపిస్తారు. గళ్ళు మిణుకు మిణుకుమంటాయి. అప్పుడు మెదడులో ఎక్కడ రక్తం ఎక్కువ పారిందో చూస్తారు. ఇందుజ గారూ, మీరెప్పుడైనా గళ్ళు చూస్తూ బతికారా?"

"లేదండీ."

"ఎవరూ బతకలేదండీ! మనం చూసేది మనుషుల్ని. సంతని, గోలని. ఒకడు మాట్లాడుతుంటే ఇంకోడు మొహం తిప్పుకోవడాన్ని. అలాంటి సినిమా చూపిస్తేనే కదా, మెదడు ఇంట్లో ఉన్నట్టు తన పని తాను చేసుకునేది! అలాంటి సినిమా నేనే తీస్తున్నాను."

"ఎన్నింటికి అయిపోతుందండీ?" అంది ఇందుజ, నీరసంగా.

"సహజంగా అయిపోతుందండీ" అన్నారాయన.

ఆ సినిమా తియ్యడానికి ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ముందు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్ళారు. వెంకట్రాజు అనే పెద్ద వ్యాపారి కొట్టు ముందు కెమెరా పెట్టి, "నేనిక్కడ లేననుకోండి. మీరు రోజూ బేరం ఎలా ఆడతారో అలాగే ఆడుకోండి" అన్నారు. వెంకట్రాజు లోపలికెళ్ళి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొహానికి పౌడరు రాసుకుని వచ్చాడు.

"అయ్యా, ధర కాస్త తగ్గించగలరా అండీ?" అన్నాడు కొనడానికొచ్చినాయన, కెమెరా వైపు చూస్తూ.

"తమకన్నా ఎక్కువా అండీ! తమరు ఎంతంటే అంతేనండీ" అన్నాడు వెంకట్రాజు, తనూ కెమెరా వైపే చూస్తూ.

"సహజంగా లేదండీ!" అని గోపాలకృష్ణ గారు నెత్తి బాదుకున్నారు. "తిట్టుకోండి! రోజూ తిట్టుకుంటారు కదా!"

"కెమెరా ముందు ఎలాగండీ, మా వియ్యంకుడు చూస్తే బాగుంటుందా?" అన్నాడు వెంకట్రాజు.

పొద్దుటినించీ ఈ మర్యాదలు సాగి సాగి, ఆఖరికి కెమెరా బ్యాటరీ అయిపోయింది. అది అయిపోయిన మరుక్షణం ఆ ఇద్దరూ తూకం దగ్గర తగువు పెట్టుకుని, ఏడు తరాల వెనక్కి వెళ్ళి తిట్టుకున్నారు. గోపాలకృష్ణ గారు ఉల్లిపాయల బస్తా మీద కూలబడి "ఇదేనండీ! నాక్కావలసింది ఇదేనండీ!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఉల్లిపాయల ఘాటనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

తరవాత సొంత ఇంటి మీద పడ్డారు. వంటింట్లో పప్పుల డబ్బాల మధ్య కెమెరా దాచి, భార్య తనని భోజనానికి పిలవడం తియ్యాలనుకున్నారు. మంగతాయారు గారు డబ్బాలు తుడుస్తూ దాన్ని పట్టేశారు.

"ఏవండీ, ఇదేమిటండీ?"

"అయ్యో, చూసేశావా? సరే, ఇప్పుడు చూడనట్టు పిలువు. మొదటిసారి మామూలుగా పిలువు. రెండోసారి కాస్త విసుగు రావాలి."

"ఆ విసుగు ఎప్పుడో వచ్చేసిందండీ, మూడో దాంట్లో ఉన్నాను" అన్నారావిడ.

ఆఖరికి అంత సినిమాలోనూ నిజంగా సహజంగా వచ్చిన ముక్క ఒక్కటే. కలిదిండి వైపు నించి కొల్లేట్లో పడవ మీద వెళ్తూ, కెమెరాని ముందు బల్ల మీద పెట్టి ఆపడం మరిచిపోయారు. పడవవాడు గెడ వేస్తుంటే నీళ్ళు మెల్లగా వెనక్కి పోవడం, దూరంగా పక్షులు వాలడం, ఒక తూటికాడ తీగ పడవకి తగిలి తప్పుకోవడం. అంతే, ఇంకేమీ లేదు. ఆ ముక్కని ఆయన ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా, మార్కెట్టుకీ వంటింటికీ మధ్యలో పెట్టారు.

ఇక చూసేవాళ్ళు కావాలి. అందరూ చేసే పని, కాలేజీ విద్యార్థుల్ని తీసుకురావడం. ఈయన ఒప్పుకోలేదు. "వాళ్ళు ఫోన్లు చూసి చూసి ఉన్నారండీ. సహజమైన మెదడు ఉండదు" అన్నారు. ఒక ఆదివారం పొద్దున్నే సెంటరు ముందు వ్యాను ఆగింది. అందులోనించి కలిదిండి దగ్గర రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు, రొయ్యల వాసనతో సహా దిగారు.

ఎమ్మారై గదిలోకి ఇనుప ముక్క పోకూడదు. అందరిలోకీ ముందు వచ్చిన వీరదుర్గ అనే ఆవిడ దగ్గర పిన్నీసులు తియ్యడానికే ఇందుజ ఓపికంతా అయిపోయింది. కొంగులో ఒకటి, జాకెట్టుకి రెండు, చేతి గాజుకి గుత్తి.

"ఇంకా ఉన్నాయా?"

"లేవండీ." ఆగి, "ఒకటుందండీ" అని ఇంకోటి.

లోపల పడుకోబెట్టి, కళ్ళ మీద చిన్న అద్దం అమర్చింది. అద్దంలోనించి చూస్తే వెనకున్న తెర మీద సినిమా కనిపిస్తుంది. చెవుల్లో మాటలు వినిపిస్తాయి. మిషను తన మానాన తాను డబడబమని మోగుతుంటుంది. ఇందుజ అవతలి గదిలో కూర్చుని, లోపలి మనిషి కళ్ళు చూపించే కెమెరా చూస్తోంది. మార్కెట్టు వచ్చింది. వీరదుర్గ చూసింది. కొల్లేరు వచ్చింది. వీరదుర్గ కళ్ళు వాలిపోయాయి. కాసేపటికి మిషను మోతని దాటుకుని సన్నగా గుర్రు వినిపించింది.

ఇందుజ మైకు బటన్ మీద వేలు పెట్టింది. "డాక్టరుగారూ, నిద్రపోయారండీ. లేపనా?"

గోపాలకృష్ణ గారు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దండీ! సహజంగా లేవనివ్వండి."

"నిద్రపోతే ఈ స్కాను పనికిరాదు కదండీ?"

"రాదండీ."

"మరి?"

"మరి సహజంగా నిద్రపోయింది కదండీ" అన్నారాయన, అదే జవాబైనట్టు.

సినిమా అయిపోయింది. వీరదుర్గ చాలాసేపటికి తనంతట తానే లేచింది.

"బొమ్మ అయిపోయిందాండీ?"

"అయిపోయింది. ఏం చూశారు?" అంది ఇందుజ.

"నీళ్ళండీ" అంది వీరదుర్గ, మొహమంతా నవ్వుతో. "ఎంత బాగుందో!"

వచ్చినవాళ్ళందరికీ మంగతాయారు గారు పంపిన పులిహోర, వాళ్ళ వాళ్ళ మెదడు ఫొటో ఇచ్చి పంపించేవారు. ఆ ఫొటోతో గొప్ప పేరొచ్చింది. ఒకావిడ దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది. "నాకు మెదడుందంటే మా ఆయన ఇన్నేళ్ళూ నమ్మలేదండీ. ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను" అని ఇందుజతో చెప్పింది. తరవాతి ఆదివారం వీరదుర్గ అక్క వచ్చింది. ఆ పైవారం తోడికోడలు వచ్చింది. వచ్చినవాళ్ళందరూ "ఆ నీళ్ళ బొమ్మ వెయ్యండమ్మా" అనడం, ఉల్లిపాయల దాకా ఓపిక పట్టడం, పడవ కదలగానే నిద్రపోవడం. ఇందుజ అవతల గదిలో, మండుతున్న కళ్ళతో వాళ్ళ నిద్ర చూస్తూ కూర్చోవడం.

ఒళ్ళు అలిసిపోయిన మనిషి ఇంకొకరి నిద్రకి కాపలా కాయడం కన్నా శిక్ష ఏముంటుంది? ఇందుజకి లోపల కుతకుతలాడేది. ఇంటి దగ్గర ఉతకాల్సిన బట్టలు కొండలా ఉంటాయి. పిల్లలు ఆదివారం అమ్మ ఏదని అడగడం కూడా మానేశారు. ఇక్కడేమో పనికిరాని స్కాన్లు తీస్తోంది. ఈ పరిశోధన మూతపడితే బాగుండునని ఆమె ఒకటి రెండుసార్లు దేవుణ్ణి కూడా అడిగింది.

దేవుడు విన్నట్టే ఉంది. పరిశోధనకి నిధులిచ్చే సంస్థ తరఫున శ్యామ్ సుందర్ అనే పెద్దాయన హైదరాబాదు నించి చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. ఫలితాలు లేకపోతే ఆపేస్తారట. మంగతాయారు గారు కంగారుపడి, "అమ్మాయ్, ఈయన ఆయన్ని కూడా సహజంగా ఉండమంటారేమో, కాస్త నువ్వు చూసుకో" అని ఫోన్ చేశారు. ఇందుజ సరేనంది గానీ, మనసులో వేరే నిర్ణయించుకుంది. ఆ పెద్దాయన అడిగితే దాచకుండా చెప్పెయ్యాలి. ఇక్కడ ఎవరూ సినిమా చూడడం లేదండీ, అందరూ నిద్రపోతున్నారు, ఈయన లేపనివ్వరు అని. ఆ రెండు ముక్కలూ స్కూటీ మీద వస్తూ వల్లెవేసుకుంది కూడా.

శ్యామ్ సుందర్ గారు సన్నగా, కళ్ళజోడుతో, నవ్వితే ఏదో పోతుందన్నట్టున్నారు. మిషను ఆపి ఉంది. ముందు సినిమా చూస్తానన్నారు. ఇందుజ కంప్యూటర్ తెర మీద వేసి పక్క కుర్చీలో కూర్చుంది. ఏసీ చల్లగా ఉంది. వెంకట్రాజు "తమకన్నా ఎక్కువా అండీ" అంటున్నాడు. అడగగానే చెప్పాలి, అనుకుంది ఇందుజ. పడవ కదిలింది. నీళ్ళు మెల్లగా వెనక్కి పోతున్నాయి. ఇందరు ఇందులో ఏం చూశారో ఇవాళైనా చూద్దామని, మొదటిసారి శ్రద్ధగా తెర వైపు చూసింది.

కళ్ళు తెరిచేసరికి తల బల్ల మీద ఉంది. భుజాల మీద ఎవరో దుప్పటి కప్పారు, రోగులకిచ్చే నీలం దుప్పటి. గదిలో ఎవరూ లేరు. గబుక్కున లేచి బయటికి పరిగెత్తింది. గోపాలకృష్ణ గారు వరండాలో ఒక్కరే టీ తాగుతున్నారు.

"ఆయనేరండీ?"

"రైలుకి టైమైంది, వెళ్ళిపోయారండీ."

"నన్నేమీ అడగలేదా అండీ?"

"అడగబోయారండీ. నేనే ష్ అన్నాను."

జరిగింది ఆయనే చెప్పారు. ఎంతమంది మేలుకుని చూశారని శ్యామ్ సుందర్ గారు అడిగితే, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని ఈయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. మిగతావాళ్ళని ఎందుకు లేపలేదంటే, అలసిపోయి ఉన్నారండీ అన్నారు. శ్యామ్ సుందర్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, బల్ల మీద తల వాల్చిన ఇందుజని ఓసారి చూసి, మళ్ళీ పెట్టుకున్నారట. సినిమా చూపించడానికి విద్యార్థుల్ని పెట్టాల్సిందే అన్నారు. ఈయన సరేనన్నారు. అయితే సినిమా చూసే మెదడుతో పోల్చుకోవడానికి, ఏ పనీ చెయ్యకుండా విశ్రాంతిగా ఉన్న మెదళ్ళు కూడా కావాలి కదండీ, వాటికి మాత్రం మా షెడ్డు వాళ్ళే ఉంటారు అన్నారు.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారండీ. మీ సినిమాలో ఆ నీళ్ళ ముక్క నాకోసారి పంపించగలరా, నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టదు అని అడిగారు కూడాను."

ఇందుజకి ఒళ్ళు మండిపోయింది. విద్యార్థుల్ని పెట్టడం ఇంత తేలికైతే ఇన్ని ఆదివారాలు ఎందుకు తగలేశారు? ఆ మాట ఆయన్ని అడగలేక, తరవాతి ఆదివారం పిన్నీసులు తీస్తూ వీరదుర్గ మీద చూపించింది.

"మీరు పడుకోవడానికే వస్తున్నారు. నేను మాత్రం ఇల్లూ వాకిలీ వదిలేసి ఇక్కడ కూర్చోవాలి."

"అవునండీ, పడుకోవడానికే" అంది వీరదుర్గ, అమాయకంగా. "మీకు తెలుసనుకున్నామండీ. మొదటిరోజే చెప్పారు కదండీ ఆయన, బొమ్మ చూడబుద్ధయితే చూడండి, నిద్రొస్తే పడుకోండి అని."

ఇందుజ చెయ్యి ఆగిపోయింది. "ఎప్పుడు చెప్పారు?"

"షెడ్డుకొచ్చినప్పుడండీ, మమ్మల్ని బొమ్మ తియ్యడానికి. మాకు ఆదివారం లేదు కదండీ, సరుకొస్తే రాత్రీ లేదు పగలూ లేదు. నేను నించునే తూలిపోతున్నానండీ, చేతిలో రొయ్య అలాగే ఉంది. సూపర్‌వైజరు ఒక్క అరుపు అరిచాడు. మావాళ్ళంతా ఇప్పుడీయనకి మంచి బొమ్మ దొరికింది అనుకున్నారండీ. ఆయనేమో కెమెరా ఆపేశారు. మూత కూడా పెట్టేశారు."

గోపాలకృష్ణ గారు అంత సహజమైన దృశ్యం ముందు కెమెరా ఆపడం! ఇందుజ నమ్మలేకపోయింది.

"తిన్నగా ఓనరు దగ్గరికెళ్ళారండీ. మీ షెడ్డులో ఉన్నలాంటి మెదళ్ళు ఇంకెక్కడా దొరకవండీ, ఆదివారంపూట విడతలవారీగా నాకు పంపించండి, దేశానికి పనికొస్తుంది అన్నారు. మా ఓనరు పొంగిపోయాడండీ. అప్పట్నించీ సెలవూ ఇస్తున్నాడు, వ్యానూ పంపిస్తున్నాడు. ఊళ్ళో అందరికీ చెప్పుకుంటున్నాడు, మా మెదళ్ళు ఏలూరు వెళ్తున్నాయని." వీరదుర్గ జాకెట్టు తడుముకుంది. "ఇదిగోండి, ఇంకో పిన్నీసు."

ఆవేళ పడవ కదలకముందే వీరదుర్గ నిద్రపోయింది. ఇందుజ మైకు జోలికి పోలేదు. లైట్లు కాస్త తగ్గించింది. పక్కన నించున్న గోపాలకృష్ణ గారితో నెమ్మదిగా అంది:

"వీళ్ళని పడుకోబెట్టడానికే తీసుకొస్తున్నారని నాకెందుకు చెప్పలేదండీ?"

"ఛ ఛ, పరిశోధనండీ ఇది! విశ్రాంతిలో మెదడు... అది చాలా... అందులో పెద్ద..." అన్నారాయన. చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడడం ఆయనకి బొత్తిగా సహజంగా రాదు.

ఇందుజ నవ్వు ఆపుకుని తెర వైపు తిరిగింది. కళ్ళు ఎప్పటిలాగే మండుతున్నాయి. కానీ ఆ కుతకుత మాత్రం ఎక్కడో ఆగిపోయింది.

ఆ వారం మధ్యలో సెంటరు మేనేజరు బుచ్చిబాబు గారు ఆమెని తన గదిలోకి పిలిచారు. ఎప్పుడూ తలెత్తకుండా మాట్లాడే మనిషి, ఆవేళ లేచి నించుని కుర్చీ చూపించారు.

"కూర్చో అమ్మా. డాక్టరుగారు నీ మెదడు గురించి చెప్పారు."

ఇందుజ కుర్చీ అంచున కూర్చుంది. "ఏమైందండీ నా మెదడుకి?"

"ఏమీ కాలేదు, ఏమీ కాలేదు. చాలా కీలకమైన మెదడట. విరామం లేకుండా వాడితే ఆయన ఫలితాలన్నీ తలకిందులైపోతాయట. అందుకని వారం విడిచి వారం, ఆదివారంపూట నువ్వు ఇంట్లోనే ఉండాలట. ఆ రోజుకి మన రెండో టెక్నీషియను చరణ్‌తేజని వెయ్యమన్నారు. వేసేశాను." బుచ్చిబాబు గారు గొంతు తగ్గించారు. "మన సెంటర్లో ఇలాంటిది ఉందని మాకు తెలియనే తెలియదమ్మా. జాగ్రత్తగా వెళ్ళు. తలకి ఎండ తగలనివ్వకు."

మొదటి సెలవు ఆదివారం వచ్చింది. ఇందుజ బట్టలుతికి, పిల్లలకి తలంట్లు పోసి, పెరుగన్నం తిని, మధ్యాహ్నం ఫ్యాను కింద నడుం వాల్చింది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. ఫోన్ మోగింది. ఉలిక్కిపడి అందుకుంది.

"ఇందుజ గారూ, గోపాలకృష్ణనండీ. నిద్రపోతున్నారా?"

"పోయానండీ. ఇప్పుడే లేచాను."

"అయ్యో, ఎందుకు లేచారండీ?"

"మీరు ఫోన్ చేశారు కదండీ."

అవతల మంగతాయారు గారి గొంతు వినిపించింది. "నిద్రపోతున్నారా అని ఫోన్ చేసి అడిగే మనిషిని మిమ్మల్నే చూశానండీ! ఇలా ఇవ్వండి దాన్ని... అమ్మాయ్, పడుకో. ఈ ఫోను ఇవాళంతా నా దగ్గరే ఉంటుంది."

పక్క గదిలోనించి అత్తగారు "ఎవరే?" అని అడిగింది.

"డాక్టరుగారు, అత్తయ్యా."

"ఏం కావాలంట?"

"ఏమీ అక్కర్లేదంట" అంది ఇందుజ, నవ్వుకుంటూ గోడ వైపు తిరిగి.